నాట్లేసిన నెలలోపే మందు కొట్టాలా? వరిలో మిత్ర పురుగులతో నెట్టుకురాగలమా?

మిర్యాలగూడ రైతు:
పక్క పొలం అన్న నాట్లేసిన 25వ రోజే గుళికలు చల్లి, ఆకుముడతకని మందు కూడా కొట్టాడు. నాది 6 ఎకరాల సాంబ మసూరి. ఈ వానాకాలం ట్రైకోకార్డులు, అంటే చీడపురుగుల గుడ్లను నాశనం చేసే బుల్లి మిత్ర పురుగులున్న అట్టముక్కలు పెడదామనుకుంటున్నా. ఇంట్లో వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

భీమవరం కౌలు రైతు:
సొంత పొలమైతే చేసి చూడు తమ్ముడూ. నాది కౌలు. పంట పోయినా బస్తాలు కొలవాల్సిందే. మూడేళ్ల కిందట నేనూ కార్డులు తెప్పించాను. నా చేతికొచ్చేసరికే వాటిలోని పురుగులు బయటికెళ్లిపోయాయి. ఆ ఏడు కాండం తొలిచే పురుగు వల్ల గింజ పట్టని తెల్లకంకులు చూసి నిద్రపట్టలేదు. కార్డు మంచిదైనా అది గుడ్డు దశలోనే పనిచేస్తుంది, పురుగు కాండంలోకి దూరాక లాభం లేదు. మొదళ్ల దగ్గర చేరి రసం పీల్చే సుడిదోమకు అసలే పనికిరాదు. దోమ ముదిరితే రోజుల్లో మడి మాడిపోతుంది. మందు లేకుండా ఎలా?

ఏజీ బీఎస్సీ విద్యార్థిని:
కార్డుల గురించి మీరన్నది నిజం బాబాయ్ గారూ. గుడ్లు పెట్టే రెక్కల పురుగులు కనిపించగానే, సాయంత్రం చల్లబడ్డాక కట్టాలి. ఆలస్యమైతే డబ్బు దండగ.

కానీ సుడిదోమను తినేవాటిని మనం కొననక్కర్లేదు. సాలీళ్లు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు మడిలోనే ఉంటాయి. ఆకుముడతకని ముందుగా కొట్టే సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు చంపేది వాటినే. దోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగు లోపల మందు తగలకుండా భద్రంగా ఉంటాయి. అవి పిల్లలయ్యేసరికి తినేవి మిగలవు, దోమ విరుచుకుపడుతుంది. ఇండోనేషియాలో ఇలాగే లక్షల ఎకరాలు దెబ్బతిన్నాయి. 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 పురుగుమందులను నిషేధించింది, తర్వాత మందుల సబ్సిడీ కూడా ఎత్తేసింది. దిగుబడి పడిపోలేదు.

మొదటి నెలలో కొన్ని ఆకులు ముడుచుకున్నా వరి కొత్త పిలకలు వేసి కోలుకుంటుంది. అప్పుడు మందు కొట్టకండి, నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

భీమవరం కౌలు రైతు:
దోమ వచ్చేశాక కూడా చూస్తూ కూర్చోమంటావా అమ్మా?

ఏజీ బీఎస్సీ విద్యార్థిని:
లేదండీ. దుబ్బులు తట్టి లెక్కపెట్టండి. పిలకల దశలో దుబ్బుకు 10-15 దాటితే నీళ్లు తీసేసి, పైమెట్రోజిన్ లాంటి దోమ మందు మొదళ్లు తడిసేలా కొట్టాల్సిందే. పైపైన కొడితే దోమకు తగలదు.

భీమవరం కౌలు రైతు:
లెక్కపెట్టి కొట్టడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆగినందుకు పంట పోతే కౌలు రైతుకు ఎవరు పూచీ? దానికి జవాబు దొరికేదాకా మాలాంటివాళ్లు ముందే కొడతారు, వాళ్లను తప్పుపట్టలేను. నేనైతే వచ్చే సార్వాకు ఇంద్ర (ఎంటీయూ 1061) వేస్తాను, దోమను కొంత తట్టుకుంటుంది.

మిర్యాలగూడ రైతు:
మొదళ్లకు గాలి, వెలుతురు తగిలి దోమ తగ్గేలా 2 మీటర్లకొకటి చొప్పున 20 సెంటీమీటర్ల కాలిబాటలు ఇప్పటికే తీశాను. 2 ఎకరాల్లో ముందు మందు ఆపేస్తా, మిగతా 4 ఎకరాలు ఇంట్లోవాళ్లు చెప్పినట్టే. రెండుచోట్లా ప్రతి ఆదివారం దోమల్ని, సాలీళ్లను లెక్కపెట్టి ఇక్కడ రాస్తాను.