పర్లాకిమిడిలో ఇంటికి బీమా తీసుకోవాలా, ఆ డబ్బు బ్యాంకులో వేసుకోవాలా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇల్లు నాన్నగారు కట్టినది. ముందు రెండు గదులకు పెంకుల కప్పు, వెనక భాగానికి 2009లో వేసిన స్లాబు. ముందు గదుల్లో ఒకదానిలో అమ్మ చిన్న కిరాణా దుకాణం నడుపుతోంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పెంకులు సగం లేచిపోయాయి. వీధిలోకి నీళ్లు వచ్చి బియ్యం బస్తాలు, ఫ్రిజ్, కుట్టుమిషను పాడయ్యాయి. ఆ నష్టం నుంచి కోలుకోవడానికి మాకు రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు శ్రీకాకుళం నుంచి ఒక ఏజెంటు వచ్చి ‘భారత్ గృహ రక్ష’ అనే ఇంటి బీమా పాలసీ తీసుకోమంటున్నారు. ఇంటి విలువ 60 లక్షలని రాయమన్నారు. మా వీధిలో స్థలంతో కలిపి అమ్మితే అంతే వస్తుంది. సూరత్‌లో ఉన్న అన్నయ్య మాత్రం, తిరిగి రాని డబ్బు కట్టే బదులు అదే సొమ్ము బ్యాంకులో వేసుకుందాం అంటున్నాడు. ఇంటి పట్టా ఒడియాలో ఉంది, పాలసీ కాగితం ఇంగ్లీషులో ఉంది, నాన్నగారు చదవగలిగేది తెలుగు ఒక్కటే. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

గుణుపురం మాష్టారు

బాబూ, మీ అన్నయ్య మాటే వినమంటాను. ఇంటి అప్పు ఉన్న రోజుల్లో తొమ్మిదేళ్లు బీమా కట్టాను. ఒక వానాకాలంలో వెనక గోడ కూలింది. నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చి చూసి, ఈ గోడలో చెమ్మ ఏళ్ల తరబడి దిగుతోంది, ఇది వర్షం వల్ల ఒక్కసారిగా వచ్చిన నష్టం కాదు అని రాశారు. ఒక్క రూపాయి రాలేదు. తొమ్మిదేళ్ల సొమ్ము పోయింది, గోడ కూడా నా ఖర్చుతోనే కట్టుకున్నాను.

నెలకు 500 రూపాయలు పక్కన పెడితే పదేళ్లకు అసలే 60,000 అవుతుంది. వడ్డీ వేరు. దాన్ని తీసుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఎవరూ వచ్చి మన గోడను గీకి చూడరు. పెద్ద విపత్తు వస్తే ప్రభుత్వ సాయం ఎలాగూ ఉంటుంది.

బరంపురం పట్టు

మాష్టారూ, మీకు జరిగింది చదివితే బాధ కలిగింది. కానీ ఆ లెక్క నేను ఒప్పుకోలేను. తుఫాను మొదటి ఏడాదే వస్తే మీ దగ్గర ఉండేది 6,000 రూపాయలు. 1999 అక్టోబరులో మన గంజాం తీరాన్ని ఒక తుఫాను కొట్టింది, ఆ నెల తిరగకముందే పారాదీప్ వైపు మహా తుఫాను వచ్చింది. మనం పొదుపు పూర్తిచేసేదాకా సముద్రం ఆగుతుందా?

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మేము బరంపురంలోనే ఉన్నాం. మాది స్లాబు ఇల్లు, ఏమీ కాదని ధైర్యంగా ఉన్నాం. స్లాబుకు ఏమీ కాలేదు, నిజమే. మేడ మీది రేకుల గది మాత్రం మొత్తం ఎగిరిపోయింది. నీళ్ల ట్యాంకు పిట్టగోడ మీద పడి పగిలింది. కిటికీ అద్దాలు పోయి తెల్లారేదాకా వాన లోపలికి కొట్టింది. పరుపులు, బీరువాలోని బట్టలు, టీవీ, మా అత్తగారు దాచుకున్న పట్టుచీరలు అన్నీ తడిసిపోయాయి. ఇల్లు నిలబడింది, ఇంట్లో ఉన్నది పోయింది. మాకు బీమా లేదు. అప్పటి అప్పు మా అమ్మాయి పెళ్లి అప్పుతో కలిసిపోయింది, రెండూ ఎప్పుడు తీరాయో కూడా విడిగా చెప్పలేను.

ప్రభుత్వ సాయం సంగతి కూడా చెబుతాను. 2022 నుంచి 2026 వరకు కాలానికి పెట్టిన విపత్తు సహాయ నిబంధనల్లో ఇల్లు పూర్తిగా దెబ్బతింటే మైదాన ప్రాంతంలో 1,20,000, కొండ ప్రాంతంలో 1,30,000 రూపాయలు అని ఉంది. పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, అదీ కనీసం 15 శాతం నష్టం ఉంటేనే. 6,500తో మా మేడ మీది రేకులకు మేకులు కూడా రావు. ఆ సాయాన్ని తీసిపారేయడం లేదు, పూరింటివాళ్లకు అదే ప్రాణం. కానీ స్లాబు ఇంటివాళ్లు దాన్ని నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు.

కొలతల లెక్క (రాయగడ)

నేను సివిల్ ఇంజినీరును, బీమా అమ్మను. తీసుకోవాలా వద్దా అన్నదానికి ముందు ఒక తప్పు సరిదిద్దాలి. 60 లక్షలని రాయకండి.

బీమా ఇంటి కట్టడానికి, స్థలానికి కాదు. తుఫాను స్థలాన్ని ఎత్తుకుపోదు కదా. ఈ రోజు అదే ఇంటిని మళ్లీ కట్టడానికి ఎంత అవుతుందో అదే బీమా మొత్తం. గోడల లోపలి నేల విస్తీర్ణాన్ని, అంటే కార్పెట్ ఏరియాను, మీ ఊరిలో చదరపు అడుగుకు అయ్యే నిర్మాణ ఖర్చుతో గుణించాలి. ఉదాహరణకు 900 చదరపు అడుగులు, అడుగుకు 1,800 రూపాయలు అనుకుంటే 16,20,000. అంతకు మించి రాస్తే ప్రీమియం పెరుగుతుంది కానీ నష్టపరిహారం పెరగదు. ఇల్లు కట్టడానికి అయ్యేంతే ఇస్తారు. సరైన మొత్తానికి రాయిస్తే ప్రీమియం మాష్టారు చెప్పిన నెలకు 500 కన్నా చాలా తక్కువ ఉంటుంది, కాబట్టి ఆ పోలిక కూడా మారుతుంది.

‘భారత్ గృహ రక్ష’ బీమా నియంత్రణ సంస్థ రూపొందించిన ప్రామాణిక పాలసీ, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సాధారణ బీమా కంపెనీ ఏదైనా ముఖ్య నిబంధనలు అవే. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడటం, చెట్టో వాహనమో వచ్చి ఢీకొనడం, ట్యాంకులు, పైపులు పగలడం, అల్లర్లు ఇందులోకి వస్తాయి. కట్టడానికి బీమా తీసుకుంటే అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంటి సామానుకు దానంతట అదే వర్తిస్తుంది. పై లెక్కలో అది 3,24,000. బరంపురం అమ్మగారి పరుపులు, టీవీ అందులోకి వచ్చేవి. బంగారం, వెండి రావు, వాటికి విలువ ముందే నిర్ణయించి విడిగా చేర్చుకోవాలి. దొంగతనం విషయంలో చాలామంది పొరపడతారు. తుఫాను వంటిది జరిగాక 7 రోజుల లోపు జరిగిన దొంగతనానికే ఇందులో రక్షణ. మామూలు రోజుల్లో దొంగ పడితే దానికి వేరే పాలసీ కావాలి.

గుణుపురం మాష్టారు

ఇంజినీరుగారూ, చక్కగా చెప్పారు. కానీ నా గోడ సంగతికి ఇది జవాబు కాదు. ఇంకొకటి. మొత్తం తక్కువ రాస్తే నిష్పత్తి ప్రకారం కోత వేస్తారని అప్పట్లో నాకు చెప్పారు. సగం విలువకు రాయిస్తే సగం నష్టమే ఇస్తారట. పేదవాడు భయపడి తక్కువ రాస్తాడు, చివరికి అతనికే నష్టం.

కొలతల లెక్క (రాయగడ)

పాత పాలసీల్లో ఆ కోత ఉండేది, మీకు చెప్పింది నిజమే. గృహ రక్షలో దాన్ని తీసేశారు. తక్కువ రాసినా రాసిన మొత్తం వరకు పూర్తి నష్టం ఇస్తారు, నిష్పత్తి కోత ఉండదు. అలాగని తక్కువ రాయమని కాదు, ఇల్లు మొత్తం పోతే రాసినంతే చేతికి వస్తుంది.

గోడ విషయంలో మీతో వాదించను మాష్టారూ. ఏళ్ల చెమ్మను ఏ పాలసీ అయినా ఒప్పుకోదు. తుఫానుకు ముందు ఇంటి స్థితి ఎలా ఉందో మన చేతిలో ఆధారం లేకపోతే, చెమ్మ పాతదా కొత్తదా అన్నది సర్వేయరు మాట మీదే తేలుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ఒకటే చెబుతాను. ప్రతి ఏడాది వర్షాకాలానికి ముందు నాలుగు గోడలకు, కప్పుకు తేదీ పడేలా ఫోటోలు తీయండి. మరమ్మతు చేయిస్తే మేస్త్రీ రసీదు దాచండి.

మహేంద్రతనయ ఒడ్డు గారూ, మీ పేరు చూసి ఒకటి అడుగుతున్నాను. ఇల్లు నిజంగా మహేంద్రతనయ ఏటి ఒడ్డునే ఉందా? వరద నీళ్లు ఇంట్లోకి వస్తే పాలసీ వర్తిస్తుంది. కానీ నేల కుంగడానికి సంబంధించిన నిబంధనలో నది కోతను, సముద్రపు కోతను మినహాయించారు. ఏటి గట్టు మెల్లగా తెగి ఇల్లు ఒరిగిపోతే రాదు. గంజాం తీరంలో పొడంపేట మత్స్యకారుల ఇళ్లు సముద్రంలో కలిసింది అలాంటి కోతవల్లే. అటువంటి చోట ఉన్నవాళ్లకు బీమా ఉందిలే అని ఎవరైనా చెబితే అది అన్యాయం. వాళ్లకు కావలసింది ఇల్లు మార్చుకోవడానికి స్థలం.

ఛత్రపురం గృహస్థుడు

ఈ చర్చ చదివి నా ఇంటి అప్పు కాగితాలు తీసి చూశాను. ఆరేళ్లుగా ఇంటికి బీమా ఉందనే అనుకుంటున్నాను. ఉన్నది నా ప్రాణానికి! నేను చనిపోతే అప్పు తీరుతుంది, ఇల్లు కూలితే ఏమీ రాదు. అప్పు ఇచ్చిన రోజు ‘ఇన్సూరెన్స్ కలిపే ఉంది’ అన్నారు, నేను సంతకం పెట్టేశాను. అప్పు ఉన్నవాళ్లందరూ ఈ రోజే చూసుకోండి, దయచేసి. మా ఆఫీసులో మరో ఇద్దరిని అడిగితే, ఒకరికి ఇంటి బీమా ఉంది కానీ అప్పు మొత్తానికే ఉంది. అప్పు తగ్గిన కొద్దీ ఆ మొత్తం తగ్గుతుందో లేదో ఆయనకు తెలియదు.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

ఇల్లు ఏటికి నాలుగు వీధుల అవతల ఉంది, పేరు ఇష్టంతో పెట్టుకున్నాను. అందరికీ కృతజ్ఞతలు. ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. దుకాణం సరుకు ఇంటి సామానులోకి వస్తుందా? పెరట్లో తాటాకు కప్పిన వెదురు పాక ఉంది, దాన్ని రాయాలా? పట్టా నాన్నగారి పేరున ఉంది, పాలసీ నా పేరున తీసుకోవచ్చా? ఏజెంటు మూడింటికీ ‘ఏం ఫరవాలేదు’ అంటున్నారు.

బరంపురం పట్టు

ఆ ‘ఏం ఫరవాలేదు’ అన్న మాటనే నమ్మకండి బాబూ. ఆయన్ను మూడు జవాబులూ కాగితం మీద రాసి ఇవ్వమనండి. రాసి ఇవ్వడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

కొలతల లెక్క (రాయగడ)

సరుకు రాదు. అది వ్యాపారం, దానికి దుకాణాల పాలసీ వేరే ఉంది. ముందు గది దుకాణమని ఫారంలోనే రాయండి. దాచితే రేపు మొత్తం క్లెయిముకే అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చినవాళ్లవుతారు. పాక విషయానికి వస్తే, గడ్డి, ఆకులు, వెదురు, టార్పాలిన్ వంటి వాటితో గోడలు గానీ కప్పు గానీ ఉంటే పాలసీ దాన్ని కచ్చా (పక్కా కాని) నిర్మాణం అంటుంది. పెంకులు ఆ జాబితాలో లేవు. పాకను విడిగా, ఉన్నది ఉన్నట్టు చూపించండి.

ఇక పేరు. ఇల్లు ఎవరిదో వారే బీమా తీసుకోవాలి. నాన్నగారి పేరునే తీసుకోండి. సంతకానికి ముందు ప్రతి పేజీ ఆయనకు తెలుగులో చదివి వినిపించండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. రేపు సర్వేయరు ప్రశ్నలు అడిగేది ఆయన్నే.

ఏజెంటు శ్రీకాకుళం వారు కాబట్టి ఒక భయం ఉండవచ్చు, గొడవ వస్తే ఏ రాష్ట్రానికి తిరగాలని. మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా ఆంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, దగ్గరికి వెళ్లవచ్చు. కంపెనీ శాఖ ఉన్న చోటైనా, మీరు నివసించే చోటైనా సరే. అంటే మీకు భువనేశ్వర్ కార్యాలయం సరిపోతుంది. 50 లక్షల వరకు వివాదాలు అక్కడ తేలుతాయి, రుసుము లేదు.

గుణుపురం మాష్టారు

ఆ కార్యాలయం ఒకటి ఉందని నాకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు. ఏడాది గడువు ఎప్పుడో దాటిపోయింది.

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ఫోటోలు తీసి, రసీదులు దాచి, ఇంగ్లీషు కాగితం చదివించుకోగలిగే ఇంటికే ఇది పనికివస్తుంది. మా వీధిలో అలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయి? కూలి చేసుకుని కొంచెం కొంచెంగా గదులు కట్టుకున్నవాళ్లకు ఏ ఏడు ఏ గోడ లేచిందో కూడా గుర్తుండదు. వాళ్లకు పాలసీ కాగితం తెలుగులోనో ఒడియాలోనో, సవర భాషలోనో ఇవ్వకుండా ‘చదువుకోలేదు, తప్పు నీదే’ అనడం నాకు నచ్చదు. బాబూ, నీకు చదివి వినిపించే శక్తి ఉంది కాబట్టి తీసుకో. కానీ ఆ నెలవారీ పొదుపు కూడా మానకు. సర్వేయరు వచ్చి, కాగితాలు కదిలి, డబ్బు చేతికి వచ్చేదాకా ఇంటి మీద టార్పాలిన్ కప్పడానికైనా సొమ్ము కావాలి కదా.

బరంపురం పట్టు

ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను మాష్టారూ. ఫైలిన్ తర్వాత మొదటి వారంలో మాకు అత్యవసరంగా కావలసింది రేకులు, కొవ్వొత్తులు, తాగునీళ్లు. ఆ వారం ఏ బీమా అయినా అందదు.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

ఈ రోజు నాన్నగారు, నేను టేపు పట్టుకుని కొలిచాం. వెనక స్లాబు భాగం 520 చదరపు అడుగులు. ముందు పెంకుల గదులు రెండూ కలిపి 310, అందులో దుకాణం 110. మేస్త్రీని అడిగితే స్లాబుకు 1,900, పెంకుల భాగానికి 1,400 చెప్పారు. రెండూ కలిపితే 14,22,000 వచ్చింది. ఏజెంటు చెప్పిన 60 లక్షల్లో నాలుగో వంతు కూడా కాదు. ఆ సంఖ్య చూసి నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అయితే మిగిలినదంతా మట్టి ధరేనా అని అడిగారు.

అన్నయ్యకు ఫోనులో ఈ చర్చ అంతా చదివి వినిపించాను. బీమాకు ఒప్పుకున్నాడు, నెలకు 500 కూడా తానే పంపుతానన్నాడు. మూడు ప్రశ్నలూ రాసి ఏజెంటుకు ఇచ్చాను, ఇంకా జవాబు రాలేదు. ఇంజినీరుగారూ, దుకాణం గది కట్టడాన్ని ఈ 14,22,000లో ఉంచాలా, తీసేయాలా?

కొలతల లెక్క (రాయగడ)

అది నాలుగో ప్రశ్నగా రాయండి. జవాబు కాగితం మీద వచ్చాక దాని ఫోటో ఇక్కడ పెట్టండి, అప్పటిదాకా నాన్నగారి చేత సంతకం పెట్టించకండి.