1635 లండన్ జాబితాలో పేరుంటే చాలా?

వంశవృక్షం_77: ఇంగ్లండ్ నుంచి అమెరికా వలసవెళ్లి మసాచుసెట్స్‌లో స్థిరపడ్డ ఒకాయన పేరు, వయసు 1635 లండన్ రేవు జాబితాలో సరిగ్గా కుదిరాయి. ఓడ పేరూ ఉంది. అదే రాక తేదీగా రాసేయొచ్చంటాను. 400 ఏళ్ల నాటి మనిషికి ఇంతకన్నా రుజువు ఎక్కడ దొరుకుతుంది?

పాతదస్త్రం: తొందరపడకండి. అసలది ప్రయాణికుల జాబితా కాదు, దేశం విడిచి వెళ్లేందుకు ఇచ్చిన అనుమతుల రిజిస్టరు. రాజవిధేయత ప్రమాణం చేసినవాళ్ల పేర్లు గుమాస్తా రాసుకున్నాడు. న్యూ ఇంగ్లండ్‌కు (మసాచుసెట్స్ ఉన్న ప్రాంతం) వెళ్లే చాలామంది తమ ఊరి చర్చి పాదిరి ఇచ్చిన పత్రం కూడా చూపారు. అనుమతి తీసుకున్నవాడు ఓడ ఎక్కాడనీ, ఎక్కినవాడు ప్రాణాలతో దిగాడనీ అందులో ఉండదు. పైగా అందులో న్యూ ఇంగ్లండ్‌కన్నా వర్జీనియాకు పోయినవాళ్లే ఎక్కువ.

వంశవృక్షం_77: అయితే మొత్తం పారేయమంటారా? భార్యాభర్తలు, నలుగురు పిల్లలు, ఆరుగురి వయసులూ కుదిరితే అది కాకతాళీయమా?

పాతదస్త్రం: కుటుంబాల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. చిక్కల్లా ఒంటరి కుర్రాళ్లతోనే. 20 ఏళ్ల జాన్ స్మిత్‌లు ఎందరో! ఓడ పేరునూ నమ్మలేం. ‘హోప్‌వెల్’ పేరు 1635 ఏప్రిల్‌లో బండాక్ కెప్టెన్‌గా, సెప్టెంబరులో బాబ్ కెప్టెన్‌గా కనిపిస్తుంది. కాబట్టి కెప్టెన్ పేరు, తేదీ రెండూ రాసుకోవాలి. ఆ తర్వాత అవతలి ఒడ్డున, అంటే అమెరికాలో దొరికే దస్త్రాల నుంచి వెనక్కి వెతుక్కుంటూ రావాలి: చర్చి సభ్యత్వం, ఫ్రీమన్ (ఓటుహక్కున్న పౌరుడు) ప్రమాణం, భూమి కేటాయింపు. వీటిలో ఏ ఒక్కటైనా జూన్‌లోనే కనిపిస్తే సెప్టెంబరులో ఎక్కినవాడు మీవాడు కాడు.

తేదీలతో_జాగ్రత్త: అప్పట్లో ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ‘1634 ఫిబ్రవరి’ అని ఉంటే మన లెక్కలో 1635. చాలా వంశవృక్షాలు తప్పేది ఇక్కడే. మారుపేర్లూ ఉన్నాయి. పాదిరి థామస్ షెపర్డ్ 1635లో అధికారుల కంట పడకుండా సోదరుడి పేరు పెట్టుకుని ఓడెక్కాడు. అంటే జాబితాలో పేరు లేకపోవడమూ రుజువు కాదు.

వంశవృక్షం_77: మరి 1630 నాటి ‘మేరీ అండ్ జాన్’ ఓడ ప్రయాణికుల పట్టిక నెట్‌లో ఉందిగా?

పాతదస్త్రం: ఆనాటి పట్టిక ఏదీ మిగల్లేదు. చూస్తున్నది తర్వాతి పరిశోధకులు ఊహతో కూర్చింది. 1620 నాటి ‘మేఫ్లవర్’ ఓడదీ ఆనాటి పట్టిక కాదు, అందులో వచ్చిన బ్రాడ్‌ఫర్డ్ 30 ఏళ్ల తర్వాత రాసిపెట్టిన పేర్లు.

రేవుగుమాస్తా: వర్జీనియావాళ్లు అదృష్టవంతులు. 1624-25 మస్టర్‌లో (అక్కడి వలసవాసుల లెక్క) చాలామంది పేరు పక్కనే ఓడ, వచ్చిన సంవత్సరం ఉంటాయి. కానీ తీసుకొచ్చిన ఒక్కో మనిషికి, ఖర్చు పెట్టినవాడికి దక్కే తలకు 50 ఎకరాల భూమి హక్కు పత్రాలను మాత్రం రాక తేదీగా తీసుకోకండి. మనిషి వచ్చిన ఏళ్లకు కూడా ఆ హక్కు అడిగేవారు, ఒకే మనిషిని ఇద్దరు చూపించుకున్న సందర్భాలూ ఉన్నాయి. మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పోయిన కూలీల జాబితాల్లో తండ్రి పేరు, ఊరు కూడా దొరుకుతాయి. వాటికి అలవాటుపడ్డ కళ్లతో వీటిని చదవకూడదు.

వంశవృక్షం_77: సరే, ఒంటరివాళ్ల పక్కన ‘బహుశా’ పెడతాను. కుటుంబాలకు మాత్రం పెట్టను.

పాతదస్త్రం: పెట్టకపోయినా ‘1635లో వచ్చాడు’ అనకండి. ‘ఫలానా తేదీన అనుమతి పొందాడు’ అని రాయండి.