గండాహతి జలపాతానికి అమ్మను తీసుకెళ్లొచ్చా?

మాది శ్రీకాకుళం. వచ్చే ఆదివారం పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా కారులో గండాహతి వెళ్దామనుకుంటున్నాం. ఒడిశాలో గజపతి జిల్లా వైపు ఉంటుంది కదా, అదే. ఇదివరకు చూసినప్పుడు దిగే దారంతా తడి రాళ్లు, నాచు, పట్టుకోడానికి చెట్టు వేరు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు సందర్శకుల కోసం బాగుచేశారంటున్నారు. అమ్మకి 68, రెండు మోకాళ్లూ అరిగాయి, ఏదైనా పట్టుకుంటే 20 మెట్ల దాకా మెల్లగా దిగుతుంది, పట్టు లేకపోతే ఒక్కటి కూడా దిగలేదు. మ్యాప్‌లో ఫొటోలన్నీ చూశాను, అన్నీ నీళ్లవే, దారి ఒక్కదాంట్లోనూ లేదు. పర్లాకిమిడిలో తెలిసినవాళ్లని అడిగితే ఒకరు రెయిలింగ్ ఉందన్నారు, ఇంకొకరు సగం దాకానే అన్నారు. ఆవిడకి మాత్రం ఆ నీళ్లు దగ్గర్నుంచి చూడాలని చాలా ఆశ. ఈమధ్య వెళ్లినవాళ్లు చెప్పండి, బండి ఆపే చోటు నుంచి జలపాతం నిండుగా కనబడే చోటు దాకా రెయిలింగ్ ఎక్కడా తెగకుండా ఉందా?