అప్‌డేట్: రీబోరింగ్ చేయించిన జనరేటర్ ఇంజన్ ఎందుకు పట్టేసిందో తెలిసింది

రొయ్యల చెరువు మీద జనరేటర్ ఇంజన్ రీబోరింగ్ (అరిగిన సిలిండర్లను మళ్లీ బోరు చేయడం) చేయించాక ఆయిల్ ప్రెజర్ పడిపోయి, టకటక చప్పుడుతో పట్టేసిందని అడిగాను కదా. భీమవరంలో ఇంకో మెకానిక్ గారితో విప్పించాం. మీలో కొందరు అనుమానించినట్టే తప్పు బేరింగుల్లో ఉంది. క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టును) 0.25 మి.మీ. అండర్‌సైజుకు, అంటే అంత సన్నగా గ్రైండింగ్ చేసి, దానికి తగ్గ మందం బేరింగులు కాకుండా స్టాండర్డ్ సైజువే వేశారు. సందు ఎక్కువై ఆయిల్ కారిపోయింది, ప్రెజర్ నిలవలేదు, బేరింగులు కరిగి క్రాంక్‌కు అతుక్కుపోయాయి. పైగా ఆయిల్ దారుల్లో గ్రైండింగ్ పొడి అలాగే ఉంది. కడగకుండా బిగించేశారంటే నాకు చాలా బాధేసింది. లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు), పిస్టన్లు మాత్రం బాగానే ఉన్నాయి.

క్రాంక్ ఇప్పుడు 0.50 మి.మీ. అండర్‌సైజుకు గ్రైండింగ్‌కు వెళ్లింది. పాత షాపాయన లేబర్ డబ్బు తిరిగి ఇస్తానన్నారు, క్రాంక్ ఖర్చుకు ఒప్పుకోలేదు. ఇంజన్ తయారయ్యేదాకా ఏరేటర్లకు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలకు) అద్దె జనరేటరే. రాత్రి కరెంటు పోతే రొయ్యకు ఆక్సిజన్ అందదని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.