గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాల్సిందేనా?

మాది కర్నూలు జిల్లా, పత్తికొండ దగ్గర పల్లె. అమ్మ ఒక ప్రైవేటు ఫైనాన్సులో గ్రూపు లోన్ తీసుకుంది, డ్వాక్రాది కాదు. తన కంతు ఎప్పుడూ తప్పలేదు. గ్రూపులో ఒకామె మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్లి ఫోన్ ఆపేసింది. ఆమె కంతు మీరే పంచుకుని కట్టండంటూ వసూలుకొచ్చే అబ్బాయి రాత్రి ఎనిమిదైనా మా అరుగు మీద నుంచి లేవడు. పోనీ అని అమ్మ ఇచ్చిన డబ్బు కార్డులో రాయడు, రసీదూ ఇవ్వడు!

2022 రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో సాయంత్రం 6 దాటాక ఇలాంటి లోన్లకు ఫోన్ చేయకూడదని ఉంది. ఇంటికొచ్చి కూర్చోవడం మాటేమిటి? జామీను సంతకం ఉంటే ఆమె బాకీ మొత్తం అమ్మ మీద పడుతుందా? సిబిల్ దెబ్బతిని రేపు డ్వాక్రా లోన్ కూడా ఆగుతుందేమోనని టెన్షన్. రిజర్వ్ బ్యాంకులో ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలన్నా ముందు కంపెనీకి రాసిచ్చి 30 రోజులు చూడాలి. ఈలోపు ఈ రాత్రి పంచాయితీ ఆపించే దారి ఎవరికైనా తెలుసా?