డోర్సెట్ విహారయాత్ర: ‘మూన్‌ఫ్లీట్’ తీరంలో ఏమేమి చూపిద్దాం? (వాలంటీర్ల చర్చ)

కార్యక్రమ సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. ఈసారి వేసవి విహారయాత్ర దక్షిణ ఇంగ్లండులోని డోర్సెట్ తీరానికే కనుక, మన పిల్లలు చదువుతున్న ‘మూన్‌ఫ్లీట్’ నవలలోని చోట్లనే చూపిద్దామని నా ప్రతిపాదన. జాన్ మీడ్ ఫాక్‌నర్ రాయగా 1898లో వెలువడిన ఈ నవలకు ఆధారం అక్కడి ఫ్లీట్ అనే చిన్న ఊరు. 1824 నవంబరు తుఫానులో సముద్రం చెసిల్ గులకరాళ్ల గట్టు దాటి వచ్చి ఆ ఊరి పాత చర్చిని పడగొట్టగా, పూజావేదిక ఉండే భాగం మాత్రమే మిగిలింది. నవలలో దొంగసరుకు దాచిన నేలమాళిగ ఏ వంశం పేరున ఉందో, ఆ మోహున్ వంశీకుల స్మారక ఫలకాలు నేటికీ అందులో ఉన్నాయి. వరదనీటిలో తేలిన బ్రాందీ పీపాలు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే, పైన ప్రార్థనకు వచ్చిన జనం హడలిపోయే ఘట్టాన్ని అక్కడే చదివించాలి. చోటు బాగా ఇరుకు; జట్లుగా పంపక తప్పదు.

పిల్లల విభాగం:
చాలా బాగుందండి. అయితే స్మగ్లర్లను వీరులుగా చూపి వదిలేయకుండా, ఊళ్లకు ఊళ్లు ఈ పనిలోకి ఎందుకు దిగాయో కూడా చెప్పాలి. సుంకాల భారం వల్ల తేయాకు, బ్రాందీ చాటుగా తెస్తేనే లాభం. 1784లో తేయాకుపై సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించాక ఆ దొంగ వ్యాపారం గిట్టుబాటు కాలేదు. మనకు మరింత దగ్గరి సంగతి ఒకటుంది. ఇంగ్లండు నేతగాళ్ల ఒత్తిడితో 1721 నాటి చట్టం అద్దకపు నూలు బట్టలు కట్టడాన్నే నిషేధించింది. 1774లో ఆ నిషేధం తొలగేదాకా మన దేశపు అద్దకాలు కూడా దొంగదారిన ఇంగ్లండు చేరేవి. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది ఇటువంటి బట్టల కోసమే. ఎవరింట్లోనైనా పెడన కలంకారీ దుప్పటి ఉంటే దయచేసి తీసుకురండి, పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు.

రవాణా బాధ్యులు:
నవలలో వజ్రం దాచిన బావి కోసం వైట్ దీవిలోని కారిస్‌బ్రూక్ కోటకు కూడా వెళ్దామని కొందరు కోరారు. గాడిద చక్రం తిప్పితే నీళ్లు పైకి వచ్చే బావి అక్కడ నిజంగానే ఉంది గానీ, ఫెర్రీ ఎక్కి దీవికి దాటాలి కనుక ఒక్కరోజులో సాధ్యపడదు. దానికి బదులు ఫెర్రీబ్రిడ్జ్ వద్ద చెసిల్ గట్టు ఎక్కిద్దాం. సుమారు 29 కిలోమీటర్ల ఆ గట్టుపై, పడమట వెస్ట్ బే దగ్గర బఠాణీ గింజలంత ఉండే రాళ్లు పోర్ట్‌లాండ్ చేరేసరికి బంగాళాదుంపలంత అవుతాయి. చీకట్లో ఒడ్డుకు దిగిన స్మగ్లర్లు రాళ్లు తడిమి చూసి ఎక్కడికి చేరారో పోల్చుకునేవారని చెబుతారు. పిల్లలకు ఇదే మంచి ఆట అవుతుంది. రాళ్లు మాత్రం ఇంటికి తేకూడదు.

కార్యక్రమ సమన్వయకర్త:
కారిస్‌బ్రూక్‌ను విరమించుకుందాం. చెసిల్ వద్ద ఒడ్డు ఉన్నట్టుండి లోతుగా దిగిపోతుంది, లోపలికి లాగే ప్రవాహమూ బలంగా ఉంటుంది కనుక ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వకూడదు. గట్టు మీద నలుగురు వాలంటీర్లు కావాలి. చికరెల్ వైపు కాలిబాట పక్కన సైన్యం కాల్పుల సాధన చేసే స్థలం ఉంది. ఎర్రజెండాలు కనబడితే చుట్టుదారిన నడవాలి కనుక, భోజనాలు ఆ నడకకు ముందే ముగించాలి. పులిహోర, పెరుగన్నం బాధ్యత తీసుకునేవారు ఆదివారంలోగా ఇక్కడే తెలియజేయగలరు.