‘స్ట్రైకౌట్’: అయ్యాడా, చేశాడా, పారేసుకున్నాడా?

బేస్‌బాల్ వ్యాసమొకదాన్ని తెలుగు చేస్తున్న మిత్రులు నిన్న ఇక్కడ ఒక ప్రశ్న వేశారు. బ్యాటర్ స్ట్రైకౌట్ అయినప్పుడు, అంటే అతడి మీద మూడు స్ట్రైకులు పడినప్పుడు, తెలుగులో ‘విఫలమై వెనుదిరిగాడు’ అనవచ్చునా, అంతకంటె మంచి మాట ఏదైనా ఉన్నదా అన్నది ఆ ప్రశ్న. ఉదాహరణకు వారు రెండు వాక్యాలు ఇచ్చారు. ఒకటి 1925 నాటి క్లీవ్‌లాండ్ ఆటగాడు జో సూవెల్ గురించి, మరొకటి 2017 నాటి న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ గురించి. రెండింటిలోనూ ‘విఫలమయ్యాడు’ అన్న క్రియే ఉంది. నా అభ్యంతరం అక్కడే. ఆ రెండు వాక్యాల నడుమ 92 ఏళ్లు గడిచాయి. మూడు స్ట్రైకుల నియమం అలాగే ఉన్నా, ఆ మాట వినగానే బ్యాటర్ మనసులో కలిగే భావం పూర్తిగా మారిపోయింది.

ముందు నామవాచకం సంగతి చూద్దాం. ‘స్ట్రైక్’ అంటే ఇంగ్లీషులో కొట్టడమే అయినా, ఈ ఆటలో అది చాలావరకు కొట్టలేకపోవడానికి గుర్తు. తొలినాళ్లలో బ్యాట్ ఊపి బంతిని తప్పినప్పుడు మాత్రమే స్ట్రైక్ లెక్కించేవారు. మంచి బంతులు వదిలేస్తూ కాలం గడిపేవారిని అదుపు చేయడానికి, ఊపకపోయినా అంపైర్ స్ట్రైక్ ప్రకటించే నియమం 1858లో వచ్చింది. తొలి రెండు స్ట్రైకుల వరకు ఫౌల్ బంతిని (బ్యాట్‌కు తగిలి గీత అవతలికి పోయినదాన్ని) కూడా స్ట్రైక్‌గా లెక్కించడం, అమెరికా అగ్రశ్రేణి పోటీ మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో నేషనల్ లీగ్‌లో 1901లో, అమెరికన్ లీగ్‌లో 1903లో మొదలైంది. మూడో స్ట్రైక్ మాత్రం ఊపి తప్పినా వస్తుంది, ఊపకుండా చూస్తూ నిలబడినా వస్తుంది, రెండు స్ట్రైకుల మీద బంట్ చేయబోయి (బ్యాట్ ఊపకుండా అడ్డుపెట్టి బంతిని మెల్లగా తట్టబోయి) బంతిని ఫౌల్ గీత అవతలికి పంపినా వస్తుంది. చివరి సందర్భంలో బంతి బ్యాట్‌కు తగులుతుంది కనుక మరొక మిత్రులు సూచించిన ‘బంతిని తాకలేకపోయాడు’ అన్న ప్రయోగం నిలవదు. పైగా స్ట్రైకౌట్ అయిన ప్రతివాడూ ఔట్ కాడు. మొదటి బేస్ (పరుగు కోసం వరుసగా తాకాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిది) ఖాళీగా ఉన్నప్పుడు గాని, అప్పటికే ఇద్దరు ఔటై ఉన్నప్పుడు గాని, మూడో స్ట్రైక్ బంతిని బ్యాటర్ వెనుక ఉండే క్యాచర్ పట్టలేకపోతే బ్యాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తవచ్చు. అతడు క్షేమంగా చేరినా స్కోరు పుస్తకంలో స్ట్రైకౌట్ నమోదవుతుంది. మూడు ఔట్లతో ముగిసే ఒకే ఇన్నింగ్స్‌లో బంతి విసిరే పిచర్‌కు నాలుగు స్ట్రైకౌట్లు దక్కడం ఇందువల్లనే సాధ్యం. ఇన్ని అర్థాలను మోసే సంస్కృత సమాసం కోసం వెతకడం కంటె ‘స్ట్రైకౌట్’ను అలాగే ఉంచుకోవడం మేలు. ‘ఎల్బీడబ్ల్యూ’ను మనం అనువదించుకోలేదు, దానివల్ల తెలుగు పాఠకుడికి లోటేమీ రాలేదు.

అసలు పని క్రియ దగ్గర ఉంది. ఇంగ్లీషులో ఒకే క్రియ ఇటు బ్యాటర్‌కూ అటు పిచర్‌కూ కర్తగా చోటిస్తుంది. తెలుగులో మనకు మూడు దారులున్నాయి. బ్యాటర్ స్ట్రైకౌట్ ‘అయ్యాడు’, పిచర్ అతణ్ణి స్ట్రైకౌట్ ‘చేశాడు’, ఇక మూడోది ‘కొను’ చేరిన దారి. క్రికెట్ వార్తల్లో ‘వికెట్ పారేసుకున్నాడు’, ‘వికెట్ సమర్పించుకున్నాడు’ అని రోజూ చదువుతాం. ఆ ‘కొను’ జరిగిన నష్టానికి బాధ్యుణ్ణి చూపిస్తుంది, తప్పు అతడిదేనని చెప్పకుండానే చెబుతుంది. స్ట్రైకౌట్ చరిత్ర అంతా ఈ మూడు సహాయక క్రియల మధ్య సాగిన ప్రయాణమని నాకు అనిపిస్తుంది.

సూవెల్ కాలానికి ‘పారేసుకున్నాడు’ సరిగ్గా అతుకుతుంది. ఆనాడు స్ట్రైకౌట్ నామోషీ. రెండు స్ట్రైకులు పడగానే బ్యాట్‌ను పిడి చివర వదిలి కాస్త పైకి పట్టుకుని, ఊపు తగ్గించి, ఎలాగైనా బంతిని మైదానంలోకి పంపడం బ్యాటర్ ధర్మంగా భావించేవారు. దానికి కారణమూ ఉంది. ఆనాటి గ్లోవ్స్ చిన్నవి, మైదానాలు ఎగుడుదిగుడువి. బంతి నేల మీద దొర్లితే ఫీల్డర్ తడబడే అవకాశం నిజంగానే ఉండేది. 1925లో సూవెల్ 608 అట్-బ్యాట్లలో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతుల్లో) కేవలం 4 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. 1920 నుంచి 1933 దాకా సాగిన మొత్తం ఆటజీవితంలో 7,132 అట్-బ్యాట్లకు 114 స్ట్రైకౌట్లు. ఈ అంకెలు మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పేమోనని అనుమానపడి మరోచోట సరిచూసుకున్నాను. జడ్జ్ 2017లో ఒక్క సీజన్‌లోనే 208 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు.

ఆ కాలంలోనే దారి తప్పినవాడు బేబ్ రూత్. బ్యాట్‌ను పిడి చివరిదాకా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి ఊపి, 714 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టాడు, 1,330 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. అంతటి రూత్ కూడా ఏ సీజన్‌లోనూ 100 స్ట్రైకౌట్లు చేరలేదు. హోమ్ రన్లు కావాలంటే స్ట్రైకౌట్లు భరించాలని రూత్‌ను చూసి అనుకోవచ్చు గాని, జో డిమాజియో లెక్క దానికి అడ్డు వస్తుంది: 361 హోమ్ రన్లు, 369 స్ట్రైకౌట్లు. ఆ రెండు అంకెల దగ్గరితనాన్ని పాత తరం అభిమానులు ఇప్పటికీ భక్తితో చెప్పుకుంటారు.

రూత్ తర్వాతి తరాల్లో స్ట్రైకౌట్లు పెరుగుతూ పోయినా నామోషీ మాత్రం అంత తొందరగా పోలేదు. 1970లో శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ ఆటగాడు బాబీ బాండ్స్ 200 హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడాలు), 134 పరుగులు చేశాడు. అదే ఏడు 189 స్ట్రైకౌట్లతో సీజన్ రికార్డూ నెలకొల్పాడు. ఆ రికార్డు ఎవరికీ అక్కరలేని ఆస్తిలా 34 ఏళ్లు అతడి పేరు మీదే ఉండిపోయింది. 2002లో మిల్వాకీ ఆటగాడు హోసే హెర్నాండెజ్ 188 దగ్గరికి వచ్చాడు. ఆ ఏడు ఆల్-స్టార్ ఆటకు ఎంపికైనవాడే అయినా, ఆ రికార్డు అతడికి అంటకూడదని సీజన్ చివర్లో చాలా ఆటల్లో అతణ్ణి బెంచి మీద కూర్చోబెట్టారు. ఒక అంకెను దాటకుండా ఉండటానికి మంచి ఆటగాణ్ణి ఆపారంటే ఆ మాటలో ఇంకా ఎంత కళంకం మిగిలి ఉందో ఊహించండి. ఆ వాక్యాన్ని నేనైతే ‘స్ట్రైకౌట్ మచ్చ’ అన్న మాటతోనే తెలుగు చేస్తాను.

తర్వాత ఆ మచ్చ చాలా వేగంగా చెరిగిపోయింది. 2004లో ఆడమ్ డన్ 195 స్ట్రైకౌట్లతో బాండ్స్‌ను దాటాడు, 2009లో మార్క్ రేనాల్డ్స్ 223కు చేరాడు. ఈ మార్పుకు మూలం గణాంక విశ్లేషణ. మొదటి బేస్ మీద మనిషి ఉన్నప్పుడు బంతిని బలహీనంగా నేల మీదకు కొడితే ఇద్దరు ఔటయ్యే ప్రమాదం ఉంది, స్ట్రైకౌట్ అయితే ఒక్కడే పోతాడు. మూడో బేస్ మీద మనిషి ఉండి, ఇద్దరికంటె తక్కువ మంది ఔటైనప్పుడు మాత్రం స్ట్రైకౌట్ నష్టమే, ఎందుకంటే ఎత్తుగా కొట్టిన బంతిని ఫీల్డర్ పట్టుకున్నా, మూడో బేస్ మీది మనిషి పరుగెత్తి పరుగు తెచ్చేవాడు. అన్నీ కలిపి చూస్తే స్ట్రైకౌట్‌కూ మామూలు ఔట్‌కూ మధ్య తేడా స్వల్పమేనని లెక్కలు తేల్చాయి. అలా నామోషీ కాస్తా ఖర్చుగా మారింది. 2017లో జడ్జ్ ఆ 208 స్ట్రైకౌట్ల పక్కనే 52 హోమ్ రన్లు కొట్టి, 127 వాక్‌లు (పిచర్ నాలుగు చెడు బంతులు విసిరినప్పుడు ఉచితంగా దక్కే మొదటి బేస్‌లు) సంపాదించి, అమెరికన్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు. అలాంటివాణ్ణి ‘208 సార్లు విఫలమయ్యాడు’ అంటే ఆ వాక్యం అబద్ధం కాకపోవచ్చు గాని, అతడి కాలానికి అన్యాయం చేస్తుంది.

విచిత్రమేమిటంటే బ్యాటర్లు పట్టించుకోవడం మానేసిన అదే స్ట్రైకౌట్‌ను పిచర్లు ఎన్నడూ లేనంత విలువైనదిగా చూస్తున్నారు. ఫీల్డర్ల సాయం లేకుండా పిచర్ తన చేతులతో సాధించేది అదే. పందొమ్మిదో శతాబ్దపు పత్రికా రచయిత హెన్రీ చాడ్విక్, ‘స్ట్రక్’ అన్న ఇంగ్లీషు మాటలోని చివరి అక్షరం తీసుకుని స్ట్రైకౌట్‌కు ‘కె’ గుర్తు పెట్టాడు. ఇవాళ ప్రేక్షకులు తమ పిచర్ సాధించిన ప్రతి స్ట్రైకౌట్‌కూ ఆ అక్షరం రాసిన అట్టను స్టేడియంలో వేలాడదీస్తారు, బ్యాటర్ ఊపకుండా నిలబడిపోతే అక్షరాన్ని తిరగేసి పెడతారు. 2018లో మేజర్ లీగ్ చరిత్రలోనే మొదటిసారిగా సీజన్ మొత్తం హిట్ల కంటె స్ట్రైకౌట్లు ఎక్కువయ్యాయి: 41,018 హిట్లు, 41,207 స్ట్రైకౌట్లు. ఇంత వేగంగా విసిరే పిచర్ల ముందు ఈ లెక్క పూర్తిగా బ్యాటర్ ఎంపికేనని చెప్పడం కష్టం. అందుకే ఈ కాలానికి ‘పారేసుకున్నాడు’ కంటె పిచర్‌ను కర్తగా నిలబెట్టే ‘స్ట్రైకౌట్ చేశాడు’ ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది.

పాత విలువ చచ్చిపోయిందని అనుకోనక్కరలేదు. లూయిస్ అరాయెజ్ 2022 నుంచి వరుసగా మూడేళ్లు మూడు వేర్వేరు జట్లకు ఆడుతూ బ్యాటింగ్ సగటులో లీగ్ ప్రథముడిగా నిలిచాడు, 2024 సీజన్ మొత్తంలో 29 సార్లే స్ట్రైకౌట్ అయ్యాడు. అతడి గురించి రాసేటప్పుడు ‘వికెట్ అప్పనంగా ఇవ్వడు’ అన్న మన క్రికెట్ పలుకుబడిని కొద్దిగా మార్చి ‘స్ట్రైకౌట్ అప్పనంగా ఇవ్వడు’ అంటే బాగుంటుంది.

ప్రశ్న అడిగిన మిత్రులకు నా సూచన ఇది. సూవెల్ వాక్యాన్ని ‘1925లో సూవెల్ 608 అట్-బ్యాట్లలో నాలుగుసార్లు మాత్రమే స్ట్రైకౌట్‌కు చోటిచ్చాడు’ అని రాయండి, ఆ ‘చోటిచ్చాడు’లో ఆనాటి పట్టుదల వినబడుతుంది. జడ్జ్ వాక్యాన్ని ‘2017లో జడ్జ్ 52 హోమ్ రన్లు కొట్టాడు, 208 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు’ అని రాయండి. మధ్యలో ‘అయినా’ గాని, ‘కాని’ గాని పెట్టవద్దని నా విన్నపం.